ఖాతాలో ఒక్కటే... అయినా ఘనమైన గెలుపే!

- తెలుగు మూలాలున్న గోల్ఫ్ క్రీడాకారుడు సాహిత్ తీగల విజయాల లెక్క
- గోల్ఫ్‌లో గెలుపును ఎలా లెక్కిస్తారు? ఒక్క గెలుపునకు అంత విలువ ఎందుకు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: దసరాకో సంక్రాంతికో మన పల్లెల్లో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీల్లో విజేతను తేల్చడం సులువు. ఓడిన జట్టు ఇంటిదారి పడుతుంది. గెలిచిన జట్టు మరో మెట్టు ఎక్కుతుంది. ఎనిమిది జట్లు బరిలో దిగితే వరుసగా మూడు ఆటలు గెలిచిన జట్టుకు ప్రథమ బహుమతి దక్కుతుంది. గోల్ఫ్‌లో ఈ లెక్క కుదరదు. అక్కడ ఒకేసారి వందకు పైగా, కొన్ని పోటీల్లో నూట యాభై మంది దాకా బరిలో ఉంటారు. నాలుగు రోజుల ఆట ముగిశాక ఒక్కరే గెలిచినట్లు, మిగిలినవారంతా ఓడినట్లు. అందుకే ఎంత పేరున్న గోల్ఫ్ క్రీడాకారుడైనా తన జీవితంలో గెలిచినవాటికంటే ఓడినవే అనేక రెట్లు ఎక్కువగా ఉంటాయి.

ఈ ఆటలో ఒక క్రీడాకారుడి స్థాయిని చెప్పవలసి వస్తే ముందుగా అడిగే ప్రశ్న, ఎన్ని టోర్నమెంట్లు గెలిచాడన్నదే. హైదరాబాద్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన దంపతుల కుమారుడు సాహిత్ తీగల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఒకటి. ప్రపంచంలోనే అత్యంత కఠినమైన పోటీల వరుసగా పేరొందిన అమెరికా పీజీఏ టూర్‌లో 2025 సంవత్సరం ముగిసేనాటికి ఆయన ఖాతాలో ఉన్న అధికారిక విజయం ఒక్కటే. ఇంటికొకరో ఇద్దరో అమెరికాలో చదువుకో కొలువుకో స్థిరపడిన మన ప్రాంతంలో ఆ ఇంటిపేరు వినగానే 'మనవాడే' అనిపించడం సహజం. అయితే ఆయన గెలుపు వార్త వచ్చినప్పుడు చాలామంది దాన్ని చదివి పక్కన పెట్టారే తప్ప, ఆ ఒక్కటి ఎంత కష్టసాధ్యమో తెలుసుకునే అవకాశం వారికి కలగలేదు. మన మూడు జిల్లాల్లో ఈ ఆట ఆడేవారు కనిపించరు గనుక అది వారి తప్పు కాదు.

చిర్రగోనెకు దూరపు చుట్టం

చిర్రగోనె ఆడినవారికి కర్రతో కొట్టి దూరం పంపడమంటే ఏమిటో తెలుసు. గోటీలాడినవారికి చిన్న గుంతలో గురిచూసి పడేయడమంటే ఏమిటో తెలుసు. ఈ రెంటినీ కలిపి ఆరు కిలోమీటర్ల పచ్చికబయలులో ఆడితే అది గోల్ఫ్ అనుకోవచ్చు. మైదానంలో 18 గుంతలు ఉంటాయి. ఒక్కో గుంత వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. ఆట మొదలుపెట్టే చోటు నుంచి ఆ గుంత వరకు కొన్నిచోట్ల నూట యాభై గజాలు, మరికొన్నిచోట్ల ఐదు వందల గజాలకు పైగా దూరం ఉంటుంది. నడుమ చెట్లు, నీటి మడుగులు, కావాలని తవ్వి ఇసుక నింపిన గుంతలు. బంతిని ఎన్ని తక్కువ దెబ్బల్లో గుంతలోకి చేర్చితే అంత మేలు. తక్కిన ఆటల్లో అంకె పెరిగితే గెలుపు, ఇక్కడ తగ్గితే గెలుపు.

ఒక్కో గుంతకు ఇన్ని దెబ్బలు సరిపోతాయని ముందే నిర్ణయించి ఉంటుంది. దానిని 'పార్' అంటారు. 18 గుంతలకు కలిపి సాధారణంగా 70 నుంచి 72 వరకు ఉంటుంది. పార్ కంటే ఒకటి తక్కువలో ముగిస్తే 'బర్డీ', ఒకటి ఎక్కువైతే 'బోగీ'. గురువారం మొదలై ఆదివారంతో ముగిసే టోర్నమెంట్‌లో రోజుకు 18 చొప్పున నాలుగు రోజులకు 72 గుంతలు ఆడాలి. రెండో రోజు సాయంత్రానికి వడపోత జరుగుతుంది. దీనికి 'కట్' అని పేరు. పీజీఏ టూర్‌లోని చాలా పోటీల్లో తొలి 65 స్థానాల్లో ఉన్నవారు, వారితో సమానంగా ఉన్నవారు మాత్రమే శని, ఆదివారాలు ఆడతారు. మిగిలినవారు మూట సర్దుకోవలసిందే. వారికి ప్రైజ్‌మనీలో వాటా ఉండదు. విమానం ఖర్చులు, హోటల్ అద్దె, తన సంచి మోసే సహాయకుడి వేతనం సొంత జేబు నుంచే భరించాలి. ఉద్యోగిలా నెల జీతం ఉండదు. ఆ మాటకొస్తే వానను నమ్ముకున్న మెట్ట రైతు బతుక్కు, కొత్తగా వృత్తిలోకి వచ్చిన గోల్ఫ్ క్రీడాకారుడి బతుక్కు తేడా కొంతే.

ఎదుటివాడిని పడగొట్టడం ఈ ఆటలో లేదు. ప్రతి ఒక్కరూ మైదానంతోనే తలపడతారు. మనం ఎంత బాగా ఆడినా, అదే రోజు మరొకరు ఇంకా బాగా ఆడితే చేయగలిగింది ఏమీ ఉండదు. చరిత్రలో అత్యధికంగా 82 పీజీఏ టూర్ విజయాలు సాధించి శామ్ స్నీడ్ సరసన నిలిచిన టైగర్ ఉడ్స్ సైతం పాల్గొన్న ఐదు పోటీల్లో సుమారు ఒకటి మాత్రమే గెలవగలిగారు. ఆ సగటును మిగతావారు కలలో కూడా ఊహించరు. ఏళ్ల తరబడి టూర్‌లో ఆడి, మంచి సంపాదనతో విరమించి, ఒక్క గెలుపు కూడా లేనివారు ఎందరో ఉన్నారు.

ఏది లెక్క... ఏది కాదు?

విజయాల లెక్కలో ఒక చిక్కుంది. గెలిచిన ప్రతి కప్పూ ఆ పట్టికలోకి ఎక్కదు. పెంబర్తి కళాకారుల చేతుల్లో రూపుదిద్దుకున్న ఇత్తడి జ్ఞాపికలు మన జిల్లాలో ఎందరి ఇళ్లలోనో కనిపిస్తాయి. వాటిలో ఏది సన్మానానికి వచ్చిందో, ఏది పోటీలో గెలిచిందో చూసినవారికి తెలియదు. గోల్ఫ్‌లో మాత్రం ఆ తేడాను కచ్చితంగా పాటిస్తారు.

సాహిత్‌నే తీసుకుంటే, వృత్తి క్రీడాకారుడు కాకముందు ఔత్సాహికుల పోటీల్లో ఆయన పలు విజయాలు సాధించారు. 2020 ఆరంభంలో ఆస్ట్రేలియాలో జరిగిన 'మాస్టర్ ఆఫ్ ది అమెచ్యూర్స్' టైటిల్ వాటిలో ఒకటి. కాలిఫోర్నియాలోని పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ అదే ఏడాది అమెరికా కళాశాల గోల్ఫ్‌లో అత్యున్నతమైన హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడింటినీ అందుకున్నారు. ఇవేవీ వృత్తిపరమైన విజయాల పట్టికలో చేరవు.

2022 డిసెంబర్‌లో ఫ్లోరిడాలోని నేపుల్స్‌లో జరిగిన క్యూబీఈ షూటౌట్‌ను టామ్ హోగీతో జతకట్టి ఆయన గెలిచారు. అందులో ప్రైజ్‌మనీ ఉంది, కప్పు ఉంది, టీవీ ప్రసారం ఉంది. అయినా అది ఇద్దరేసి చొప్పున పన్నెండు జట్లు మూడు రోజులు ఆడే ఆహ్వానపు పోటీ. వృత్తి విజయంగా రాస్తారు గానీ పీజీఏ టూర్ అధికారిక విజయంగా లెక్కించరు. అందుకే కొన్నిచోట్ల సాహిత్ విజయాలు రెండు అని, మరికొన్నిచోట్ల ఒకటి అని కనిపిస్తుంది. రెండూ నిజమే.

మరో గందరగోళం పేర్లది. టోర్నమెంట్ ఖర్చు భరించే కంపెనీ మారినప్పుడల్లా పేరు మారుతుంది. సాహిత్ గెలిచిన పోటీనే ఒకప్పుడు ఫ్రైస్ డాట్ కామ్ ఓపెన్‌గా, తర్వాత సేఫ్‌వే ఓపెన్‌గా, ఆ తర్వాత ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌గా పిలిచారు. 2024లో అది ప్రోకోర్ చాంపియన్‌షిప్‌గా మారింది. పేరును బట్టి వెదికితే ఒకే పోటీ నాలుగుగా కనిపిస్తుంది.

ఇక విజయాలన్నింటిలో తలమానికం అనదగ్గవి నాలుగు 'మేజర్' పోటీలు. మాస్టర్స్, పీజీఏ చాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, బ్రిటన్‌లో జరిగే ఓపెన్. జాక్ నిక్లాస్ మొత్తం విజయాలు 73 అయినా ఆయన పేరు చెప్పగానే గుర్తుకొచ్చే అంకె 18. అవి ఆయన గెలిచిన మేజర్లు.

టీవీ ముందు మొదలైన ఆట

సాహిత్ 1997 డిసెంబర్ 4న కాలిఫోర్నియాలో జన్మించారు. తండ్రి మురళీధర్, తల్లి కరుణ. ఇంట్లో గోల్ఫ్ వారసత్వం లేదు. టీవీలో టైగర్ ఉడ్స్ ఆట చూసి పసివయసులోనే అనుకరించడం మొదలుపెట్టాడని కుటుంబం చెబుతుంది. వెన్నెముకలో కాస్త వంపు ఉండటంతో ఆయన కర్ర ఊపే తీరు పాఠ్యపుస్తకాల్లో చూపే తీరుకు భిన్నంగా ఉంటుంది. మణికట్టు గాయంతో కళాశాల రోజుల్లో ఒక ఏడాది ఆటకు దూరమయ్యారు. 2020 వేసవిలో కరోనా వేళ వృత్తిలోకి వచ్చి, దిగువ శ్రేణి అయిన కార్న్ ఫెర్రీ టూర్ మీదుగా 2021లో పీజీఏ టూర్‌లో అడుగుపెట్టారు.

అక్కడి నుంచి తొలి గెలుపు వరకు ఉన్న రెండేళ్లే ఈ కథలో అసలు భాగం.

2022 ఫిబ్రవరి 13, ఆదివారం. అరిజోనా రాష్ట్రంలోని స్కాట్స్‌డేల్‌లో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు. నిర్వాహకుల ప్రత్యేక ఆహ్వానంపై బరిలో దిగిన 24 ఏళ్ల కుర్రవాడు రెండో రోజు, మూడో రోజు ముగిసేసరికి అందరికంటే ముందున్నాడు. గోల్ఫ్‌లో ఈలలు, కేకలు వినిపించే అరుదైన పోటీ ఇది. పదహారో గుంత చుట్టూ స్టేడియం కట్టి వేల మందిని కూర్చోబెడతారు. ఆ హోరు దాటి పదిహేడో గుంత వద్దకు వచ్చాడు. బలమైన దెబ్బతో ఒకే ఊపులో గ్రీన్‌కు చేరుకోగల గుంత అది. సాహిత్ కొట్టిన బంతి చక్కగానే వెళ్లింది. నేలను తాకి ఎడమకు మళ్లి నీళ్లలో పడింది. అక్కడ ఒక దెబ్బ ఎక్కువైంది. చివరకు ఒకే ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్‌కు దూరమై మూడో స్థానాన్ని పంచుకున్నాడు. కన్నీళ్లు ఆగని కుమారుడిని కుటుంబ సభ్యులు ఓదార్చిన దృశ్యాన్ని అమెరికా అంతా చూసింది.

ఆ రోజు ప్లేఆఫ్‌లో ప్యాట్రిక్ కాంట్లేను ఓడించి గెలిచింది స్కాటీ స్కెఫ్లర్. ఆయనకూ అదే పీజీఏ టూర్‌లో మొట్టమొదటి విజయం కావడం గమనార్హం. ఆ మెట్టు ఎక్కిన స్కెఫ్లర్ వెనుదిరిగి చూడలేదు. 2025 ముగిసేనాటికి ఆయన విజయాల సంఖ్య 19కి చేరింది. బంతి ఆ రోజు ఎడమకు కాక కుడికి మళ్లి ఉంటే ఎవరి కథ ఎలా నడిచేదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నాలుగు నెలలు గడిచాయి. జూన్ 26న కనెక్టికట్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్. పదిహేడో గుంతలో బర్డీతో సాహిత్ ఒక దెబ్బ ఆధిక్యంలోకి వచ్చాడు. మిగిలింది ఒక్క గుంత. తొలి దెబ్బ ఇసుక గుంతలో, అదీ దాని గట్టుకు దగ్గరగా పడింది. అక్కడి నుంచి కొట్టిన బంతి గట్టును తాకి ఇసుకలోనే ఉండిపోయింది. ఆ ఒక్క గుంతలోనే పార్ కంటే రెండు దెబ్బలు ఎక్కువయ్యాయి. వెనక వస్తున్న జాండర్ షాఫెల్ బర్డీ కొట్టి కప్పు అందుకున్నాడు. సాహిత్ రెండో స్థానాన్ని పంచుకున్నాడు. నవంబర్‌లో ఆర్ఎస్ఎం క్లాసిక్‌లోనూ రెండో స్థానమే. అక్కడ ఆడమ్ స్వెన్సన్ విజేత.

మన గ్రామీణ పోటీల్లో రన్నర్స్‌కూ కప్పు ఇచ్చి, మెడలో దండ వేసి పంపుతాం. గోల్ఫ్ విజయాల పట్టికలో రెండో స్థానానికి గడి లేదు. ఆ పట్టిక చూసినవారికి 2022లో సాహిత్ ఏమీ చేయనట్లే కనిపిస్తుంది. నిజానికి అదే ఏడాది, తొలి సీజన్‌లోనే, టూర్‌లో అత్యుత్తమ 30 మందికి మాత్రమే ప్రవేశం ఉండే టూర్ చాంపియన్‌షిప్‌కు ఆయన అర్హత సాధించారు. 2023 ఏప్రిల్‌లో తొలిసారి ఆడిన మాస్టర్స్‌లో తొమ్మిదో స్థానాన్ని పంచుకున్నారు. చివరి రోజు పదహారో గుంత వద్ద గ్రీన్ బయటి నుంచి కొట్టిన బంతి దొర్లుతూ వచ్చి గుంతలో పడింది. 2005లో అదే చోట టైగర్ ఉడ్స్ సాధించిన అద్భుతం చాలామందికి గుర్తుకొచ్చింది. పట్టికలోకి మాత్రం ఇదీ ఎక్కలేదు.

నాపాలో ఆ నాలుగు రోజులు

2023 సెప్టెంబర్ 14 నుంచి 17 వరకు ఉత్తర కాలిఫోర్నియాలోని నాపాలో, సిల్వరాడో మైదానంలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ జరిగింది. ద్రాక్షతోటలకు పేరుపడ్డ ప్రాంతమది. సాహిత్‌కు అది పీజీఏ టూర్‌లో 74వ పోటీ. అంటే అప్పటికి 73 సార్లు ఓడినవాడే.

మొదటి రోజు 68 దెబ్బలు, రెండో రోజు 64, మూడో రోజు 67. పార్ 72 గల మైదానంలో ఇవి మేలైన అంకెలు. శనివారం సాయంత్రానికి రెండు దెబ్బల ఆధిక్యం. సరిగ్గా ఇలాంటి స్థితిలోనే అంతకుముందు ఆదివారాలు చేజారాయి. పుట్టిపెరిగిన రాష్ట్రం కావడంతో తల్లిదండ్రులు, బంధువులు, మిత్రులు మైదానానికి తరలివచ్చారు. అయినవారు ఎదుట ఉండటం ధైర్యమా, బరువా అన్నది ఆటగాడికే తెలియాలి. సాహిత్ ఆదివారం తడబడలేదు. మరో 68తో మొత్తం 267 దెబ్బల్లో, పార్ కంటే 21 తక్కువతో ముగించారు. రెండు దెబ్బల వెనక కొరియాకు చెందిన ఎస్.హెచ్.కిమ్ రెండో స్థానంలో నిలిచారు. 25 ఏళ్ల వయసులో తొలి గెలుపు. విజేతగా అందుకున్న మొత్తం 15,12,000 డాలర్లు. అప్పటి మారకం విలువ ప్రకారం సుమారు పన్నెండున్నర కోట్ల రూపాయలు.

డబ్బు పెద్దదే. దానికంటే పెద్దది మరొకటి ఉంది. పీజీఏ టూర్‌లో ఒక పోటీ గెలిస్తే ఆ సీజన్ పోను మరో రెండు సంవత్సరాల పాటు టూర్‌లో ఆడే హక్కు లభిస్తుంది. ఏటా చివరన పాయింట్ల పట్టికలో వెనకబడి కొలువు పోగొట్టుకునేవారి జాబితాలో తన పేరు ఉంటుందేమోనన్న దిగులు కొన్నాళ్లపాటు తీరుతుంది. దినసరి కూలీకి ఒక్కసారిగా పర్మినెంటు ఉత్తర్వు వచ్చినట్లు, అదీ గడువుతో. సింగరేణి బొగ్గుబావుల చుట్టూ బతుకులు అల్లుకున్న భూపాలపల్లి వాసులకు పర్మినెంటు అన్న మాట విలువ వేరే చెప్పనవసరం లేదు.

ఇక్కడ ఒక విచిత్రం. గెలిచిన నాపాలో వచ్చినదాని కంటే, గెలవనిచోట ఆయనకు ఎక్కువ డబ్బు వచ్చింది. 2024 జనవరిలో హవాయి దీవుల్లో జరిగిన 'సెంట్రీ' పోటీలో సాహిత్ పార్ కంటే 28 తక్కువతో ఆడినా, 29 తక్కువతో ముగించిన క్రిస్ కిర్క్ గెలిచారు. రెండో స్థానానికి ఇరవై లక్షల డాలర్లకు పైగా ముట్టాయి. ఏప్రిల్‌లో ఆర్‌బీసీ హెరిటేజ్‌లో మళ్లీ రెండో స్థానం. గెలిచింది మళ్లీ స్కెఫ్లరే. కొన్ని పోటీల ప్రైజ్‌మనీ విపరీతంగా పెరగడంతో గెలుపునకూ సంపాదనకూ నడుమ ఉన్న పాత లంకె తెగిపోయింది. విజయాల సంఖ్యను ఇప్పటికీ గౌరవించడానికి బహుశా అదే కారణం. డబ్బుతో పెరగని లెక్క అదొక్కటే.

ఇసుక రేణువుల ఖరీదు

సాహిత్ పేరు గోల్ఫ్ ప్రపంచంలో గౌరవంగా వినిపించడానికి నాపా విజయం ఒక్కటే కారణం కాదు. 2024 ఆగస్టు 31న అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ మూడో రోజు. మూడో గుంత వద్ద బంతి ఇసుకలో పడింది. ఇసుకలో ఉన్న బంతిని కొట్టేముందు కర్రను వెనక్కు ఎత్తుతున్నప్పుడు అది ఇసుకను తాకకూడదన్నది నియమం. తాకితే రెండు దెబ్బల శిక్ష. కర్ర కొన్ని రేణువులను తాకినట్లు సాహిత్‌కు అనిపించింది. చుట్టూ ఉన్నవారెవరూ చూడలేదు. తోటి ఆటగాడు షాఫెల్‌కు తానే చెప్పి, నిబంధనల అధికారిని పిలిపించి, శిక్ష వేయించుకున్నారు.

ఆ పోటీలో స్కెఫ్లర్ 30 తక్కువతో విజేత. కాలిన్ మోరికావా 26 తక్కువతో రెండో స్థానం. సాహిత్ 24 తక్కువతో మూడో స్థానం. ఆ రెండు దెబ్బలు లేకుంటే మోరికావాతో సమానం అయ్యేవాడు. రెండో స్థానానికి కోటీ 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు. ఇద్దరూ సమానమైతే చెరి కోటి. అంటే తానే చెప్పుకున్న ఆ మాట ఖరీదు 25 లక్షల డాలర్లు. మన రూపాయల్లో ఇరవై కోట్లకు పైమాటే.

ఈ ఆటలో అంపైరు ఆటగాడి వెంట నడవడు. తోటి ఆటగాడు రాసిన దెబ్బల పత్రాన్ని సరిచూసుకుని తానే సంతకం పెట్టాలి. ఆ సంతకం ఎంత కఠినమైనదో 1968 మాస్టర్స్ చెబుతుంది. అర్జెంటీనాకు చెందిన రాబర్టో డి విసెంజో పదిహేడో గుంతను మూడు దెబ్బల్లో ముగించగా పత్రంలో నాలుగు అని పడింది. చూసుకోకుండా సంతకం చేశారు. నిబంధన ప్రకారం నాలుగే ఖాయమైంది. ప్లేఆఫ్ అవకాశం పోయి బాబ్ గోల్బీ విజేత అయ్యారు. అంతకుముందు 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్, ఎవరూ గమనించకుండా బంతి కదిలిందని తనపై తానే ఒక దెబ్బ వేసుకున్నారు. చివరకు విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానమై, ప్లేఆఫ్‌లో ఓడారు. జోన్స్ మేజర్ల సంఖ్యలో ఒకటి తగ్గింది. పట్టిక మాత్రం కారణం రాయదు.

మనవారి లెక్క

భారతదేశంలో పుట్టి పీజీఏ టూర్‌లో గెలిచిన మొదటి వ్యక్తి అర్జున్ అత్వాల్. 2010 ఆగస్టులో విండమ్ చాంపియన్‌షిప్‌ను ఆయన గెలిచిన తీరు చెప్పుకోదగినది. నేరుగా ప్రవేశం లేక సోమవారం జరిగే అర్హత పోటీ ఆడి లోపలికి వచ్చి, ఆదివారం కప్పు ఎత్తారు. అమెరికాలో పుట్టిన భారతీయ సంతతి యువకుల్లో సాహిత్ కంటే రెండు నెలల ముందు, 2023 జులైలో అక్షయ్ భాటియా గెలిచారు. భారత మూలాలున్న వారందరిలో శిఖరం ఫిజీకి చెందిన విజయ్ సింగ్. మొత్తం 34 విజయాలు, అందులో మూడు మేజర్లు. వాటిలో 22 విజయాలు నలభై ఏళ్లు నిండాక వచ్చినవే. నలభై దాటినవారు ఈ అంకెను ఒకటికి రెండుసార్లు చదువుకోవచ్చు.

ఇది శ్రీమంతుల ఆట అన్న మాటలో నిజం ఉంది. మైదానానికి వంద ఎకరాలకు పైగా నేల కావాలి, దానికి నీరు కావాలి. యాసంగి తడులకే బోర్లు ఎత్తిపోయే జనగామ మెట్టల్లో పచ్చిక కోసం నీరు పారించాలన్న ఆలోచన ఎవరికీ రాదు, రాకూడదు కూడా. అయితే కోల్‌కతాలో మైదానం పచ్చికను చూసుకునే ఉద్యోగి కుమారుడు ఎస్.ఎస్.పి.చౌరాసియా యూరోపియన్ టూర్‌లో నాలుగు విజయాలు సాధించారు. వాటిలో 2016, 2017 ఇండియన్ ఓపెన్ టైటిళ్లు వరుసగా వచ్చినవి. పేదవాడికి తలుపు ఉన్నది. అది చాలా ఇరుకైనది.

మన ప్రాంతం నుంచి ఈ ఆటను కళ్లారా చూడాలనుకునేవారికి హైదరాబాద్‌లో గోల్కొండ కోటను ఆనుకుని నయాఖిల్లా వద్ద హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ మైదానం ఉంది. హతియాన్ చెట్టుగా పేరొందిన వందల ఏళ్ల నాటి బృహత్తర బావోబాబ్ వృక్షం ఉన్నదీ ఆ ఆవరణలోనే. గోల్కొండ మాస్టర్స్ పేరిట దేశంలోని వృత్తి గోల్ఫ్ క్రీడాకారులు అక్కడ పోటీపడ్డారు.

సాహిత్ విషయానికి వస్తే, 2024 సెప్టెంబర్‌లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టు తరఫున ఆడారు. ఆ జట్టు 18.5-11.5 తేడాతో గెలిచింది. జట్టు పోటీ గనుక అదీ ఆయన వ్యక్తిగత విజయాల్లో చేరదు. 2025లో మెడ గాయం వేధించి కొంతకాలం ఆటకు దూరం చేసింది. ఆ ఏడాది గెలుపేదీ దక్కలేదు. నాపాలోని సిల్వరాడో మైదానంలో ఆయన గెలిచిన పోటీని 2024లో ప్యాటన్ కిజైర్ గెలవగా, 2025 సెప్టెంబర్‌లో స్కాటీ స్కెఫ్లర్ గెలుచుకున్నారు. స్కెఫ్లర్‌కు అది 19వది.